కునుకు తీసే ఉద్యోగం

మొన్న మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి దగ్గర మా తమ్ముడి కూతురు కొనబోయే ఫ్లాటు చూడ్డానికి వెళ్లాం. అమ్మే అబ్బాయి మెడకి టై బిగించుకుని ఇల్లంతా తిప్పి చూపించాడు. ఈ రాయి ఎక్కడిదో, ఆ కుళాయి ఏ దేశానిదో చెప్పాడు. అన్నీ విని, "బాబూ, ఒక చాప ఉంటే ఇస్తావా?" అని అడిగాను. ఎందుకు మేడమ్ అన్నాడు. "కాసేపు పడుకుని చూస్తాను" అన్నాను. మా తమ్ముడి కూతురు తల కొట్టుకుంది. "అత్తా, పరువు తియ్యొద్దు నువ్వు" అని నా చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయింది. ఆ అబ్బాయేమో పెద్దావిడకి కళ్లు తిరుగుతున్నాయనుకుని నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

వాళ్లకేం తెలుసు పాపం! కొత్తింటిని పడుకుని చూడాలని నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఊరికే కాదు, నెలనెలా జీతం తీసుకుని మరీ పడుకునేవాడు.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో పేదవాళ్లకి చవకగా ఇళ్లు కట్టించే సంస్థ ఒకటి ఉండేది. ఊరి పెద్దమనుషులు నలుగురు కమిటీ. బయటినుంచి వచ్చే సాయం కొంత, ఇల్లు కావాల్సిన వాళ్ల రెక్కల కష్టం కొంత కలిపి కట్టేవాళ్లం. కట్టేవాళ్లం అంటున్నాను గానీ నేను ఒక్క ఇటుక ఎత్తిన పాపాన పోలేదు, అక్కడ టైపిస్టుని. మా ఆఫీసులో ఎవరి పని వాళ్లకుండేది. ఇంజనీరు గీసేవాడు. మేస్త్రీలు కట్టేవాళ్లు. సెక్రటరీగారు ఉపన్యాసాలిచ్చేవారు. నేను ఆ ఉపన్యాసాలు టైపు కొట్టేదాన్ని. డ్రైవరు మమ్మల్నందర్నీ జీపులో కుదేసి ఊళ్లు తిప్పేవాడు. ఈయన పడుకునేవాడు.

సెక్రటరీగారు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకి పొడుగు మాటలంటే ప్రాణం. అందుకని ఈయన ఉద్యోగానికి 'నివాసయోగ్యతా పరిశీలకుడు' అని పేరు పెట్టారు. ఆ మాట కొట్టేసరికి నా మిషను కడ్డీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. ఊళ్లలో జనం అంత కష్టం పెట్టుకోలేదు. మా వైపు మగమనిషిని అప్ప అంటారు. ఇండ్లు చూడ్డానికి వచ్చే అప్ప కాబట్టి 'ఇండ్లప్ప' అన్నారు. అదే ఖాయమైపోయింది. అసలు పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ చెప్పను. ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

ఊరు పుంగనూరు. పుంగనూరు ఆవుని చూసినవాళ్లకి మనిషిని వర్ణించి చెప్పక్కర్లేదు. పొట్టి, వెడల్పు, మెత్తన, మహా మొండి. అంతకుముందు ఏం చేసేవాడంటే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. సినిమాహాల్లో టిక్కెట్లు చింపేవాడని ఒకరు, చింతపండు వ్యాపారంలో మునిగిపోయాడని ఒకరు. ఆయన్ని అడిగితే, "ఏదో ఒగటి సేస్తాంటి లేమ్మా" అనేవాడు. భార్య ఎప్పుడో పోయింది. పుంగనూరు బస్టాండు ఎదుట హోటల్లో పొద్దున దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ దోసె. ఆ దోసెల సంగతి తర్వాత పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఇల్లు పూర్తయి, సున్నం కొట్టి, తలుపులు పెట్టాక ఇండ్లప్పకి కబురు వెళ్లేది. చంకలో ఈతచాప, భుజాన తువ్వాలు, చేతిసంచిలో మరచెంబు. జీపు దిగి, చెప్పులు బయట విడిచి, తలుపు తట్టేవాడు. లోపల ఎవ్వరూ ఉండరు. తాళం ఆయన చేతిలోనే ఉంటుంది. అయినా తట్టి, "ఎవరమ్మా ఇంట్లో?" అని కేకేసి, కాసేపు ఆగి అప్పుడు తాళం తీసేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. మా ఇంజనీరు అప్పుడే చదువు ముగించి వచ్చిన పిల్లవాడు. అతనికి ఒళ్లు మండేది.

"లోపల ఎవరుండారప్పా, బల్లులా?" అనేవాడు.

"ఉండబోయేటోళ్లు ఉండారు గదా సార్. సెప్పకుండా దూరితే బాగుంటాదా?" అనేవాడు ఈయన, చాలా మర్యాదగా.

చాప పరిచి, తువ్వాలు తలకింద పెట్టుకుని, పట్టపగలు పడుకునేవాడు. పడుకోవడమంటే కళ్లు మూసుకుని నటించడం కాదు. ఎంచక్కా గుర్రు పెట్టి నిద్రపోయేవాడు. ఆ గుర్రుకి కొత్త పెంకులు అదిరేవని డ్రైవరు కథలు చెప్పేవాడు. లేచాక మొహం కడుక్కుని, చాప చుట్టి, చెంబులో నీళ్లు తాగి, అప్పుడు తీర్పు చెప్పేవాడు. "పాసు" లేదా "రిపేరు". రెండే మాటలు.

రిపేరంటే కారణాలుండేవి. కిటికీలోంచి ఎండ సరిగ్గా మొహాన పడుతోందనేవాడు. పిల్లతల్లికి ఉయ్యాల కట్టుకోను దూలానికి కొక్కెం లేదనేవాడు. కాళ్లు చాపుకుంటే తలుపు తగులుతోంది, ముసలాళ్లు వాకిలికి కాళ్లు పెట్టి పడుకుంటారా అనేవాడు. ఇంజనీరు గొణుక్కుంటూ మార్చేవాడు. "నిలబడి సూస్తే గోడలే కనబడతాయప్పా. పండుకుంటేనే ఇల్లు కనబడేది." ఇదీ ఆయన సూత్రం. ఉన్నది ఒకే ఒక్క సూత్రం కావడంతో దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడేవాడు. నా పెళ్లిచూపులప్పుడు కూడా మా నాన్నతో ఏదో అనబోయి, సందర్భం గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

సోమలలో ఒకసారి పెద్ద గొడవైంది. కొత్తింట్లో ఈగలు ముసురుతున్నాయని తువ్వాలు తలమీదినుంచి కప్పుకుని, వెల్లకిలా, కదలకుండా పడుకున్నాడు మహానుభావుడు. పిల్లలు కిటికీలోంచి చూసి, కొత్తింట్లో శవముందని ఊరంతా చాటారు. ఆ ఇల్లు ఎవరికి రావాలో ఆవిడ, "నా కొంపలో యా నాబట్ట వచ్చి సచ్చినాడ్రా దేవుడా" అని గుండెలు బాదుకుంటూ వచ్చింది. ఆ ఏడుపుకి మెలకువ వచ్చి, లేచి కూర్చుని, "అమ్మా, రవన్ని నీళ్లిస్తావా?" అన్నాడట. ఆవిడ అక్కడే కూలబడింది. జీపు తీసుకుని డ్రైవరు వెళ్లేసరికి ఊరంతా ఆ వాకిట్లోనే ఉంది. డ్రైవరు సాయిబు, గొప్ప వేళాకోళం మనిషి. "క్యా జీ ఇండ్లప్పా, ఇల్లు పాసా, నువ్వే పాసైపోతివా?" అన్నాడట. ఆవిడకి ధైర్యం చెప్పడానికి ఆ రోజు వాళ్ల చేతి మజ్జిగ చెంబులకి చెంబులు తాగాల్సొచ్చింది ఈయన. శవం మజ్జిగ తాగదు కదా, అదీ రుజువు.

ఇలా నవ్వుకుంటూ గడిచిపోతుండగా కుప్పం ఇళ్లు వచ్చాయి.

కుప్పం దాటాక రోడ్డు వారన ఒక వరసగా కట్టాం. వాటిమీద మా ఇంజనీరు ప్రాణం పెట్టాడు. వంటింట్లో గట్టు కట్టించాడు, నిలబడి వండుకునే గట్టు. దాంట్లోనే పొగలేని పొయ్యి, పొగ పైకి పోవడానికి గొట్టం. అప్పట్లో మదనపల్లెలో ఉన్నోళ్ల ఇళ్లలో కూడా అలాంటిది అరుదు. "మా అమ్మకి కింద కూర్చొని కూర్చొని నడుము పోయింది. ఈ ఇళ్లలో ఆడవాళ్లు నిలబడి వంట చేసుకోవాల" అన్నాడు. నిజం చెప్పొద్దూ, దాని వివరాలు టైపు కొడుతూ నాకూ అలాంటి వంటిల్లు ఎప్పుడొస్తుందా అనుకున్నాను. సెక్రటరీగారు ఫొటోలు తీయించి సాయం చేసేవాళ్లకి పంపారు. వాళ్లు ముచ్చటపడి, స్వయంగా వచ్చి చూస్తామన్నారు.

ఇండ్లప్ప వెళ్లాడు. తలుపు తట్టాడు, పడుకున్నాడు, లేచాడు. ఆ వరసలో అన్నింటికన్నా మంచి నిద్ర చివరింట్లో పట్టిందట. "అమ్మ ఒళ్లో పండుకున్నెట్టు ఉండాది. పాసంటే ఇదీ పాసు" అని ఆఫీసంతా చెప్పుకుని తిరిగాడు.

ఆ చివరిల్లు మునెమ్మది. మొగుడు, అత్త, పాకే బిడ్డ. అంతవరకూ ఒక రైతు పశువుల కొట్టంలో ఓ మూల తలదాచుకున్నారు. ఆ వరసలో ప్రతి ఇంటికీ నీళ్లు మోసింది, ఇటుకలందించింది. చేతికి తాళం చెవి ఇచ్చినరోజు దాన్ని తాళిబొట్టు పక్కనే పసుపుతాడుకి కట్టుకుంది. వాళ్లిటు కదలగానే రైతు ఆ మూలలో కొత్త ఎద్దుల్ని కట్టేశాడు.

వారం తిరక్కుండానే మునెమ్మ మొగుడు మదనపల్లె ఆఫీసుకొచ్చాడు. తాళం చెవి సెక్రటరీగారి బల్ల మీద పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

"మాకొద్దంట సారూ ఇల్లు. ఆ ఇంట్లో సంగటి కెలికేకి కాదంట."

సంగటి! మా వైపు సంగటి లేనిదే పొద్దు గడవదు. సెక్రటరీగారు తింటారు, ఇంజనీరు తింటాడు, డ్రైవరు తింటాడు, నేను రెండు ముద్దలు తింటాను. ఉడికే బియ్యంలో రాగిపిండి పోసి, మగ్గాక కుండని నేలమీదికి దించి, ఎదురుగా కూర్చుని, పాదాలతో కుండని అదిమిపట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని కెలకాలి. మా అమ్మ రోజూ నా కళ్లముందే కెలికేది. అంతమందిమి ఆ గట్టు నమూనా చూశాం, మెచ్చుకున్నాం, ఫొటోలు తీశాం. ఆ సన్నపాటి వంటింట్లో గట్టు పోగా మిగిలిన చోట మనిషి కాళ్లు చాపి కూర్చోవడానికి పడుతుందా అని ఒక్క నరమానవుడికీ తోచలేదు. పక్కిళ్లవాళ్లు బయట వాకిట్లో కెలుక్కుంటున్నారట, కొందరు ముందు గదిలోకి తెచ్చుకుంటున్నారట. మునెమ్మ అత్త మాత్రం ఒప్పుకోలేదు. కెలకని కుండ వంటింటి గడప దాటితే ఆ ఇంట్లో తిండి నిలవదని ఆవిడ పట్టు. మునెమ్మ అత్తమాట దాటలేక గట్టుమీదే కెలకబోయి ముంజేయి కాల్చుకుంది.

సెక్రటరీగారు, "దీనికి నిబంధన ఉంది. ఇల్లు వద్దన్నవాళ్లది జాబితాలో తర్వాతి కుటుంబానికి పోతుంది" అన్నారు. మునెమ్మ మొగుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కొట్టంలో ఎద్దులున్నాయి. వీళ్లు ఎక్కడికి పోవాలి?

ఇండ్లప్ప అప్పటిదాకా మూల కుర్చీలో ఉన్నాడు. లేచొచ్చి తాళం చెవి చేతిలోకి తీసుకున్నాడు.

"పండుకొని సూస్తి గానీ ఒండి సూడకపోతిని" అన్నాడు. "సారూ, రెండు దినాలు దీన్ని ఎవరికీ ఇయ్యొద్దండి."

మర్నాడే జీపులో బయలుదేరాం. ఇంజనీరు, ఇండ్లప్ప, నేను. ఆడమనిషి ఉంటే మునెమ్మ మనసు విప్పి మాట్లాడుతుందని నన్ను ఎక్కించారు. దారి పొడుగునా ఇంజనీరు మూతి ముడుచుకుని ఉన్నాడు. వెంకటగిరికోటలో టీ తాగడానికి ఆగితే దిగనైనా దిగలేదు.

మునెమ్మ వాకిట్లోనే ఎదురైంది. సన్నటి మనిషి, గట్టి గొంతు. ముంజేతికి పేడరసం లాంటిదేదో పూసి గుడ్డ చుట్టుకుంది. లోపల మంచంలో అత్త కూర్చుని, మేం రాకముందే మాట్లాడ్డం మొదలుపెట్టినట్టుంది.

"అమ్మా, నేను కెలుకుతా" అన్నాడు ఇండ్లప్ప. "పాసు అని సెప్పింది నేను. సూడాల్సింది నేను."

"నీకు కెలికేది వస్తాదాప్పా?" అంది మునెమ్మ అనుమానంగా.

"రాదు. సెప్పు, నేర్సుకుంటా."

ఈ మాట వరసంతా పాకిపోయింది. ఇండ్లప్ప సంగటి కెలుకుతున్నాడని ఆడవాళ్లు పనులు వదిలేసి వచ్చి గుమ్మాల్లో, కిటికీల్లో నిండిపోయారు. పొయ్యి మీద కుండ కుతకుతలాడుతోంది. గట్టు ఈయన ఎదురురొమ్ము దాకా వచ్చింది. రెండు ఇటుకలు వేసుకుని ఎక్కి, కట్టె పెట్టి తిప్పాడు. కట్టె ఎటు తిరిగితే కుండా అటే తిరిగింది. గుడ్డతో పట్టుకోబోతే గుడ్డ జారింది. చెమట కారి మీసాల మీదినుంచి పిండిలో పడేట్టుంది.

"కుండకి కాళ్లు అడ్డం పెట్టల్లప్పా" అంది మునెమ్మ. "నీ కాళ్లు ఆడిదాకా లేస్తాయా?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఇండ్లప్పకి కోపం రాలేదు. కుండ దించి, గట్టుకీ గోడకీ మధ్యనున్న సందులో కూర్చోబోయాడు. కూర్చున్నాడు కూడా. కానీ పొట్ట గట్టుకి తగిలి, వీపు గోడకి తగిలి, మోకాళ్లు గడ్డానికి తగిలి, మనిషి బిగుసుకుపోయాడు. కుండ అవతల ఎక్కడో ఉంది.

"ఇంజనీరు సారూ," అన్నాడు సన్నగా. "నన్ను లేపు నాయినా."

డ్రైవరూ ఇంజనీరూ చెరో రెక్కా పట్టి లాగితే తప్ప ఊడిరాలేదు. "యా అల్లా, గోడ కూడా వస్తాంది ఈయనెంబడి" అని డ్రైవరు మొత్తుకున్నాడు. అందరం నవ్వుతున్నాం. ఇండ్లప్ప మాత్రం తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "సార్, నా ఒళ్లు లావు. నువ్వు సన్నంగా ఉండావు. నువ్వు కూసో" అన్నాడు.

ఇంజనీరు ఉడుక్కుంటూ ప్యాంటు మడిచి కూర్చున్నాడు. కాళ్లు ముడుచుకుని ఎలాగో కుండ పట్టాడు. కట్టె రెండు తిప్పులు తిప్పేసరికి ఒక మోచెయ్యి గట్టుకి, ఒక మోచెయ్యి గోడకి కొట్టుకుని తోలు లేచింది. ఆపేసి అట్లాగే కూర్చుండిపోయాడు.

"మా అమ్మ కింద కూర్చోకూడదనే ఇది కట్టినాను" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలీదు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

మునెమ్మ మెత్తబడింది. "మంచి మనసుతోనే కట్టినావు సారూ. నాకు మాత్రం ఇల్లొద్దని ఉండాదా? ఈ గోడలకి నీళ్లు పోసింది నేను గాదా? బిడ్డకి కూడు పెట్టేకి కాకుంటే ఈ ఇల్లు నేనేం సేసుకునేది? సగం గట్టు కొట్టేయండి సారూ, నా కాళ్లు పట్టేంత సోటిస్తే సాలు. నీ కాళ్లు మొక్కుతా."

మదనపల్లెకి వచ్చి చెబితే సెక్రటరీగారు మండిపడ్డారు. సాయం చేసేవాళ్లు ఆ గట్టు చూడ్డానికే వస్తున్నారు, ఇప్పుడు పగలగొడితే ఏం చెప్పాలి అన్నారు. కమిటీ కూర్చుంది. హెడ్‌మాస్టరు అలవాటు ఎక్కడికి పోతుంది, "తప్పెవరిది? ముందు అది తేలాలి" అన్నారు. ఇంజనీరు లేచి నిలబడబోయాడు. అతనికి ఆ నెలలోనే ఉద్యోగం ఖాయం కావాల్సి ఉంది. ఇండ్లప్ప అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"తప్పు నాదే. ఆ పిల్లోడు గీసినాడు. సరిగ్గా ఉండాదా లేదా సూడమని నన్ను పెట్టినారు. నేను సూడలేదు. నాకు కెలికేవాళ్లు లేరు, దోసెలు తిని బతికేవాణ్ని, నాకు తోచలేదు. ఇంగమీదట ఇల్లు ఇచ్చేముందు ఆ ఇంటి ఆడమనిషే ఒగ పూట ఒండి సూడల్ల. ఆయమ్మ పాసంటే పాసు. నేను సెప్పేది గాదు."

"అప్పుడు నువ్వెందుకయ్యా?" అన్నారు కమిటీలో ఒకాయన.

"అదే నేనూ ఆలోసిస్తాండా సార్" అన్నాడు ఇండ్లప్ప.

కమిటీవాళ్లకి అంతకన్నా సుళువైన దారి కనబడలేదు. తప్పు చేసినవాణ్ని తీసేశాం, తప్పు దిద్దుకున్నాం అని వచ్చేవాళ్లకి చెప్పుకోవచ్చు. కుప్పం ఇళ్లలో సగం గట్టు కొట్టేయమన్నారు. ఇండ్లప్పని ఆ నెలాఖరుకి మానెయ్యమన్నారు. ఇంజనీరు ఇండ్లప్ప ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు. నేను సెక్రటరీగారి ఉపన్యాసాలన్నీ తప్పులతో కొట్టి పెట్టాను, కావాలనే. అదే నాకు చేతనైన తిరుగుబాటు. ఇండ్లప్ప మాత్రం ఎప్పట్లాగే వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, "ఏమ్మా, టీ తాగుదామా?" అంటూ అందర్నీ పలకరించేవాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేది, ఒళ్లు మండేది కూడా. కాస్త గొడవ పెట్టుకోవచ్చు కదా మనిషి!

గట్టు కొట్టడానికి మేస్త్రీలనీ, మునెమ్మకి తిరిగివ్వడానికి తాళం చెవినీ కుప్పం తీసుకెళ్లింది డ్రైవరే. నోరు ఊరుకుంటుందా? ఇండ్లప్ప సంగతి అక్కడ చెప్పాడు.

నెలాఖరురోజు పొద్దున్నే మునెమ్మ ఆఫీసుకొచ్చింది. బిడ్డ చంకలో ఉంది. కుప్పం నుంచి ఎన్ని బస్సులు మారి వచ్చిందో, ఏ వేళకి బయలుదేరిందో, చీరంతా దుమ్ము. నేరుగా సెక్రటరీగారి గదిలోకి వెళ్లి, మెళ్లో పసుపుతాడు నుంచి తాళం చెవి విప్పి బల్ల మీద పెట్టింది. గట్టు కొట్టినా ఈవిడకి ఇంకా ఏం కావాలిరా దేవుడా అనుకున్నాను.

"ఏమ్మా, గట్టు తీసేశారు కదా?" అన్నారు సెక్రటరీగారు.

"తీసేసినారు సారూ. నిన్న సంగటి కెలికినా. మాయత్త కూడా బాగుండాదనింది."

"మరి ఇదెందుకు?"

"ఆయప్పని తీసేసినారంట గదా. నా ఇంటికోసం ఒగ మనిషి కూడు పోతే ఆ ఇంట్లో నాకు ముద్ద దిగుతాదా? ఆయప్ప ఉంటే ఇయ్యండి. లేదంటే దీన్ని మీరే పెట్టుకోండి."

ఇండ్లప్ప మూలలోంచి గబగబా వచ్చాడు. "ఒద్దమ్మా, నీకేమన్నా పిచ్చా? బిడ్డతో యాడికి పోతావు? తీసుకో, తీసుకో" అని తాళం చెవి ఆవిడ చేతిలో కుక్కబోయాడు. మునెమ్మ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"నువ్వు సుమ్మనుండప్పా" అని ఆయన్ని కసిరి సెక్రటరీగారి వైపు తిరిగింది. "సారూ, నాకు నాయినుండాడు, మొగుడుండాడు, ముగ్గురు అన్నదమ్ములుండారు. తప్పు నాది అని నోరు తెరిసి సెప్పిన మొగోణ్ని నా పుట్టుకలో ఈయప్పనొకణ్నే సూసినా. అట్టాటోణ్ని గూడా మీరు తీసేస్తే ఇంగెవురు సెప్తారు?"

చంకలో పిల్లాడు బల్లమీది పేపరువెయిటు కోసం చేతులు చాపుతున్నాడు. పొడుగు మాటల సెక్రటరీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు ఆయనే తాళం చెవి తీసి రెండు చేతులతో మునెమ్మకిచ్చారు. "సోమవారం నుంచి ఎప్పట్లాగే రావయ్యా" అన్నారు ఇండ్లప్ప మొహం చూడకుండా. ఇండ్లప్ప తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

బస్టాండు దాకా మునెమ్మని నేను దిగబెట్టాను. దారిలో, "నిజంగా ఇల్లు వదిలేసి పోయేదానివా?" అని అడిగాను. "పోకుంటే?" అంది, బిడ్డని ఈ చంకనించి ఆ చంకకి మార్చుకుంటూ. బస్సు కదిలేదాకా ఆ మాటే ఆలోచిస్తూ నిలబడ్డాను.

తప్పు నాది అన్న మగవాణ్ని నేనూ అప్పటిదాకా చూడలేదు. ఆ తర్వాత పెళ్లయి, పిల్లలు పుట్టి, ఇంకో ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇంతవరకూ రెండోవాడు తగల్లేదు.